నాటుకు పోయే బొమ్మ

పందొమ్మిది వందల నలభైల చివర్లో, సూర్యాపేటలో మా పెద్దమ్మకు బొమ్మలంటే ప్రాణం. కోదాడ మీదుగా వచ్చే బండ్లవాళ్లతో కొయ్యబొమ్మలు తెప్పించుకునేది, గుడ్డబొమ్మలు తనే చేసుకునేది. దర్జీ దగ్గర మిగిలిన పీలికలతో వాటికి బట్టలు కుట్టేది. షేర్వానీ తొడిగిన దొర బొమ్మ ఎప్పుడూ ముందు వరుసలో ఉండేది. ఆ షేర్వానీకి ఆవగింజలంత గుండీలు. నిజంగానే పెట్టి తీయవచ్చు. నేను ముట్టుకుంటే మాత్రం వీపు పగిలేది.

ఒకసారి వేములపల్లిలో మా పొలానికి నాట్లు వేసే ఆమె ధాన్యం బండితో పాటు సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ కొత్తగా చేసిన నాటుకూలీ బొమ్మను ఆమెకు చూపించింది. దానికి చీర మా ఇంట్లో ఆడవాళ్లు కట్టుకున్నట్టే, పాదాల దాకా కుచ్చిళ్లు పోసి కుట్టింది.

ఆమె చాలాసేపు చూసింది. "మంచిగుంది దొరసానీ. గని గీ చీరతోటి బురదల దిగితే రెండడుగులు గూడ ఎయ్యలేదు."

నాకు ఒళ్లు మండింది. మా పెద్దమ్మ కుట్టుకు వంక పెట్టడానికి ఈమె ఎవరు?

పెద్దమ్మ మాత్రం కత్తెర తీసుకుని కుట్లన్నీ విప్పేసింది. "ఎట్ల కట్టాల్నో జర సూపియ్యి," అంటూ, మమ్మల్ని ముట్టుకోనివ్వని బొమ్మను ఆమె చేతిలో పెట్టింది. ఆమె చీరను మోకాళ్ల పైకి లాగి, గోచీ పెట్టి, కొంగు నడుముకు చుట్టి బిగించింది. పెద్దమ్మ పక్కనే కూర్చుని, ఆ మడతలు చెదరకుండా కుట్టేసింది.

ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇగ పనికి పోతది," అంది.

ఆ సాయంత్రమే దొర బొమ్మ వెనక వరుసకు పోయింది.