గుంత, కుడి

ఎదురుగా ఏది కనిపించినా గొంతెత్తి చెప్పడం, పక్కవాళ్లు తిరిగి చెప్పేదాకా అడుగు కదపకపోవడం, ఇదొక్కటే రిటైరైన రైలు డ్రైవరుగారికున్న పిచ్చి. ఇంజన్లో అది రూలే. డ్రైవరు "పచ్చ" అంటే, అసిస్టెంటు తన కళ్లతో చూసి "పచ్చ" అనాలి. రిటైరైన మొదటి నాలుగు నెలలూ బాగానే ఉన్న మనిషికి ఆ రూలు ఇంట్లోకెందుకొచ్చిందో భార్యకు అంతుపట్టలేదు.

"గడప," అనేవారాయన.

"ముప్పై ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది."

"తిరిగి చెప్పు."

"గడప. ఇక దయచేయండి."

రిటైరైన దర్జీ వచ్చినవాళ్ల భుజాలు చూపుతోనే కొలుస్తాడు. పంతులు శుభలేఖల్లో తప్పులు దిద్దుతాడు. వాళ్లనెవరూ పిచ్చివాళ్లనరు, అరవరు గనక.

ఆవిడ కడుపుమంట వేరు. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ, అత్తగారు పోయినప్పుడూ ఆయన ఎక్కడో బండి మీదే ఉన్నారు. అంత ఊడిగం చేయించుకున్న డిపార్టుమెంటు చివరిరోజున ఒక దండ వేసి, గోడగడియారం చేతిలో పెట్టింది. మూడోవారానికే అది ఆగిపోయింది. "ఇంటికి ఏనాడూ టైముకు రాని మనిషికి తగినదే ఇచ్చారు," అందావిడ.

రోజూ ఐదింటికి పక్కింటి నుంచి పాత అసిస్టెంటు వచ్చేవాడు. ఇద్దరూ వీధిన పడేవారు.

"గుంత, కుడి."

"గుంత, కుడి."

"కుక్క, పడుకునుంది."

"కుక్క, పడుకునుంది."

"బండి ఏ ప్లాట్‌ఫారం మీదికండీ?" అనేవాడు టీకొట్టువాడు. వీధంతా నవ్వేది. ఆవిడ కిటికీ మూసుకునేది.

ఒకరోజు ఆయనకు జ్వరం. అయినా ఐదింటికి మంచం దిగి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఒకపూట అరవకపోతే వీధికేం నష్టం లేదు. పడుకోండి."

"వాడొచ్చి నిలబడుంటాడే."

ఆవిడ కిటికీ తీసి చూసింది. అసిస్టెంటు గేటు గడియ కోసం తడుముకుంటున్నాడు. గడియ లేనివైపు.

"ఎన్నాళ్లనుంచి?" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

"ఎనిమిది నెలలు. కోడలికి తెలిస్తే గేటు దాటనివ్వదని వాడి భయం. చెయ్యి పట్టుకుంటానంటే తిట్టాడు. సిగ్నలంటే మాత్రం ఊరుకుంటాడు, డ్యూటీ కదా. కంటిపరీక్ష తప్పాడని ఇంజన్లోంచి దింపేసినరోజు వాడి మొహం చూశాను. ఇంకోసారి చూడలేను."

"మరి నామీద అరవడమెందుకు?"

"వాడికొక్కడికే చెబితే జనం వాడివైపు చూస్తారు. అందరిమీదా అరిస్తే నావైపు చూస్తారు."

"నాకు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు," అని ఆవిడ తన చెప్పులు వేసుకుంది.

గాజుల చప్పుడుతో గేటు తెరుచుకోగానే అసిస్టెంటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అన్నయ్యగారు లేరా, వదినా?"

"జ్వరం. ఇవాళ బండి నాది." ఆవిడ గొంతు సవరించుకుంది. "మెట్టు, ఒకటి."

అతను ఆవిడ గొంతువైపు మొహం తిప్పాడు.

"తిరిగి చెప్పండి మరిదిగారూ. చెప్పందే బండి కదలదు."

"మెట్టు, ఒకటి," అన్నాడతను మెల్లగా.

టీకొట్టువాడు నోరు తెరవబోయి, ఆవిడ చూపు చూసి మానుకున్నాడు. వాడిమీద కోపంలో ఆవిడ తడబడింది. "గుంత, ఎడమ."

అసిస్టెంటు ఆగాడు.

"కుడి, వదినా. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది."