ముఖం తీసేసిన వీడియో

1986. భిలాయిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా ఆయన ఉక్కు ప్లాంటులో ఇంజనీరు, మాకు సెక్టర్ 4లో క్వార్టరు. ఆ ఏడు మా కాలేజీలో సాయంత్రం పూట మాస్ కమ్యూనికేషన్ డిప్లొమా మొదలుపెట్టారు. పత్రికలు, రేడియో, టీవీ జనం మీద ఎలా పనిచేస్తాయో నేర్పే చదువది. ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచి, "మీరు లావు లావు పుస్తకాలు చదువుతారు కదా, ఈ పేపరు మీరే చెప్పండి" అన్నారు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు చూడండి, ఆ ఆముదపు చెట్టుని నేనే.

నాకు కంగారు పుట్టుకతో వచ్చింది. తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషిని. అలాంటిదానికి తెలియని సబ్జెక్టు అప్పజెబితే ఇక చెప్పాలా? రాయపూర్ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెప్పించుకుని, రేపు చెప్పబోయే పాఠం ఇవాళ చదువుకునేదాన్ని. పిల్లల కంటే ఒక్క పేజీ ముందుండడమే నా పాండిత్యం. అందులో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. బొమ్మ అర్థం దాన్ని తీసినవాడి దగ్గరే ఆగిపోదు, చూసేవాడు తన బతుకులోంచి ఇంకో అర్థం తీసుకుంటాడని దాని సారాంశం. ఆ మాట క్లాసులో మూడుసార్లు చెప్పాను, పరీక్షలో అడుగుతానని కూడా చెప్పాను. అది నాకే అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

ఏడాది చివర ప్రతి స్టూడెంటూ ఒక మ్యూజిక్ వీడియో తియ్యాలి. అంటే ఒక పాట తీసుకుని దానికి తగిన బొమ్మలు కట్టడం. వందలో నలభై మార్కులు నావి. మిగతా అరవై బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌వి. ఆయన జనం మధ్య కూర్చుని వీడియో చూసి, తర్వాత తీసినవాళ్లను ప్రశ్నలడిగి మార్కులు వేస్తాడు. ఎవరి వీడియో ఎక్కడ చూపించాలో నిర్ణయించేది మాత్రం నేను.

నా క్లాసులో నిర్మల అనే పిల్ల ఉండేది. ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగింది. ప్లాంటు పనికి వచ్చిన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బస్తీ అది. తండ్రి వెల్డరు. తెలుగు మొదలుపెడితే మూడో మాటకి హిందీలోకి జారిపోయేది. అయినా ఆ పిల్ల ఎంచుకున్నది తెలుగు పాటే. జాముల్ వెళ్లే దారిలో ఒక కాంట్రాక్టరు రేకుల షెడ్డు వేసి, వాడేసిన సిమెంటు గోనె సంచులు దులిపించి, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్మేవాడు. అక్కడ పదిమంది ఆడవాళ్లు నేలమీద వరసగా కూర్చుని, దబ్బనంతో కుడుతూ, అప్పటికప్పుడు అల్లుకున్న పాట ఒకటి పాడేవాళ్లు. "సూదమ్మ సూదమ్మ ఎందాక పోతావు, సిరుగెందాకుంటే అందాక పోతాను" అని దాని పల్లవి. నిర్మల పెళ్లి వీడియోలు తీసే స్టూడియో నుంచి కెమెరా తెచ్చుకుని ఆ పాటను పట్టుకుంది.

మొదట తెచ్చిన టేపులో చేతులు, దబ్బనాలు, తెల్లగా లేచే దుమ్ము, అంతే. ఒక్క ముఖం కూడా లేదు. నేను పుస్తకం చదువుకున్న మనిషిని కదా, ఊరుకుంటానా?

"క్లోజప్ ఏదమ్మా? ముఖం తెరనిండా కనిపించకపోతే చూసేవాళ్లకి ఎవరి మీద మనసు నిలుస్తుంది?" అన్నాను.

"వాళ్లు ఒప్పుకోరు మేడమ్. షరమ్ పడతారు."

"అడగందే అమ్మయినా పెట్టదు. వెళ్లి అడుగు."

వారం తర్వాత మళ్లీ తెచ్చింది. ఈసారి ముఖం ఉంది. ముప్పై అయిదేళ్లావిడ. కనురెప్పల మీద సిమెంటు దుమ్ము. పాడుతూ పాడుతూ తలెత్తి, సరిగ్గా కెమెరాలోకి చూసి నవ్వేసింది. టేపు వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను. నలభైకి ముప్పై ఆరు వేశాను. నా చేత్తో అంతకుముందు ఎవరికీ ముప్పై దాటి వేసినట్టు గుర్తులేదు. ఆ ఉత్సాహంలోనే, తెలుగు పాట కదా అని, దీన్ని తెలుగు సంఘం హాల్లో ఆదివారం చూపిద్దామని ఏర్పాటు చేసి, కార్డులు కూడా పంచేశాను.

గురువారం మధ్యాహ్నం రెండింటి సైరన్ మోగాక మా తలుపు చప్పుడైంది. తీస్తే నిర్మల. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. దాని వెనక, తెరమీద నవ్విన ఆవిడే. ఇప్పుడు నవ్వు లేదు. లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నా పేరు అప్పలనరసమ్మండి. నా మొకం తీసెయ్యండి మేడమ్. మీ కాళ్లట్టుకుంటాను" అంది.

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాక సంగతి బయటికొచ్చింది. ఆవిడ భర్త పరంజా మీంచి పడి కాలు విరిగి ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. అతని అన్న గవరయ్యకి ఖుర్సీపార్‌లో కిరాణా కొట్టు ఉంది. వీళ్లిద్దరూ, పిల్లలూ ఆ కొట్టు వెనకగదిలో ఉంటున్నారు. మా ఇంటి ఆడది గోనెలు కుట్టడానికి పోతే ఆ రోజే సామాను వీధిలో ఉంటుందని గవరయ్య మొదటే చెప్పాడట.

"మరి రోజూ ఏమని చెప్పి వెళ్తున్నావమ్మా?"

"కుట్టుపనికెల్తన్నానని సెప్పినానండి. సెక్టర్లో ఎవులో మేడమ్ జాకెట్లు కుట్టిస్తందని. కుట్టుపనే గదండీ, పూర్తిగా అబద్దం కాదు. వొచ్చేముందు షెడ్డు కాడ కుళాయి కింద తానం సేసి వొత్తాను."

"కెమెరాకి ఎందుకు ఒప్పుకున్నావు మరి?"

ఆవిడ నిర్మల వైపు చూసింది. నిర్మల తలొంచుకుంది. "మేడమూ, కాలేజీ వాళ్లూ తప్ప ఎవరూ చూడరని నేనే చెప్పాను. సచ్ మే నాకు అలాగే అనిపించింది మేడమ్. చూపించేది కాలేజీలోనే అనుకున్నాను. హాలు సంగతి అప్పుడు నాకు తెలీదు."

హాలు సంగతి ఎవరికి తెలుసు? నాకే కదా. కార్డు ఒకటి గవరయ్య కొట్టుకి కూడా వెళ్లింది. ఆయన సంఘంలో పెద్దమనిషి. ముందు వరసలో కుర్చీ వేస్తారు. "ఇంటిల్లిపాదీ రండి" అని కార్డు కింద రాసింది నేనే. చూసేవాడు తన బతుకులోంచి అర్థం తీసుకుంటాడని గీత గీసుకున్నాను గానీ, ఆ చూసేవాడికి ఒక పేరుందనీ, అతనికో వెనకగది ఉందనీ ఊహించలేదు.

వీడియో ఆపేస్తే నిర్మలకి ఏడాది పోతుంది. వచ్చే ఏడు చదివిస్తానో లేదో అని వాళ్ల నాన్న ముందే అన్నాడు. చూపిస్తే నలుగురు మనుషులు రోడ్డున పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అది తవ్వింది నేను, పడేది వాళ్లు.

అప్పటిదాకా ఆవిడకి ఆ వీడియో ఎవరూ చూపించలేదని నాకు హఠాత్తుగా తట్టింది. కాలేజీ వీసీఆర్ ఎవరైనా పాడుచేస్తారేమోనన్న భయంతో మా ఇంట్లోనే పెట్టుకున్నాను. టేపు పెట్టాను. అప్పలనరసమ్మ టీవీకి జానెడు దూరంలో నేలమీద కూర్చుంది. తన ముఖం రాగానే చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది.

"ఓలమ్మా, నానేటి ఇలాగుంటానా?" అంది. పాట అయిందాకా చెయ్యి అక్కడే ఉంచుకుంది. "బాగుంది. తీసెయ్యండి" అంది.

"మొత్తం తీసేస్తాంలే" అన్నాను.

"మొత్తమెందుకండి? ఈ పిల్ల పరీచ్చ పోద్ది గదా. మొకం తీసెయ్యండి. సేతులుండనియ్యండి."

"ఖాయంగానా?"

"సేతులుండనియ్యండి" అని మళ్లీ అంది.

ఆ రోజుల్లో ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకోవడమే. ఒకదాంట్లో టేపు తిరుగుతుంటే రెండోదాంట్లో ఎక్కించుకోవాలి, వద్దన్న చోట బొమ్మ ఆపాలి. నిర్మల శనివారం పొద్దుటినుంచి స్టూడియోలో కూర్చుని ముఖం ఉన్న ముక్కలన్నీ తీసేసింది. పాట నిడివి తగ్గకూడదు కనుక, ఖాళీ అయిన చోటల్లా చేతుల బొమ్మ పొడిగించింది. నేను మార్కుల పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఆరు ముఖానికి వేశాను, ఇప్పుడు ముఖం లేదు. దిద్దాలా, వద్దా? దిద్దితే పిల్లకి అన్యాయం, దిద్దకపోతే రూలుకి అన్యాయం. పెన్ను తీసి, మూతపెట్టి, మళ్లీ తీసి, చివరికి అలాగే వదిలేశాను.

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో ఎగ్జామినరు, ఆయన పక్కనే మడత నలగని తెల్ల చొక్కాలో గవరయ్య. కుడివైపు ఆడవాళ్ల వరసల్లో అప్పలనరసమ్మ. రాకపోతే అనుమానం వస్తుందని వచ్చిందేమో అనుకున్నాను. నేను టీవీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పాట మొదలైంది. దుమ్ము, దబ్బనాలు, వరసగా కదులుతున్న చేతులు. తర్వాత ముఖం ఉండాల్సిన చోట, తెరనిండా, రెండు చేతులు. అప్పుడు చూశాను. కుడి మణికట్టు మీద పచ్చబొట్టు. అయిదు చుక్కలు, వాటి కింద తోక ఎత్తిన తేలు.

ఆ టేపు పదిసార్లు చూశాను. షాటు నిడివి లెక్కపెట్టాను, వెలుతురు బాగుందని రాశాను. పచ్చబొట్టు కనపడలేదు. ఇదివరకు రెప్పపాటు ఉండి పోయే బొమ్మ, మేము ముఖం తీసేసిన పుణ్యాన ఇప్పుడు కదలకుండా తెరమీద నిలబడింది. ప్లగ్గు నా చేతికందే దూరంలో ఉంది. లాగేస్తే కరెంటు పోయిందనుకుంటారు. లాగితే నిర్మల పరీక్ష అక్కడితో సరి. నా చెయ్యి ప్లగ్గు దాకా వెళ్లింది.

గవరయ్య కుర్చీలో ముందుకి వంగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. చేతులకేసి తేరిపార చూశాడు.

"ఎవులో గానీ, సెయ్యి తిరిగిన మనిసి" అన్నాడు ఎగ్జామినరుతో. వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. ఎగ్జామినరు నిర్మలని పిలిచి, "చెహ్రా కహాఁ హై, బేటీ? ఇంత పాటలో ఒక్క ముఖమైనా లేదేం?" అని అడిగాడు. నేను నేర్పిన జవాబులన్నీ ఆ పిల్ల నోట్సులో ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. "ముఖం అడిగి తీసుకోవాలి సర్. నాకు ఇవ్వలేదు" అంది. ఆయనకి అది సాకులా వినిపించి ఉంటుంది. ముఖం లేకపోవడం లోపమని కాగితం మీద రాసి, అరవైకి ముప్పై తొమ్మిది వేశాడు. పిల్ల పాసైంది. మొదటి వెర్షనయితే యాభై దాటేవి. ఆ సంగతి నాకూ తెలుసు, నిర్మలకీ తెలుసు. అది ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

జనం టీలకి లేచాక అప్పలనరసమ్మ నా పక్కకి వచ్చింది.

"పచ్చబొట్టు కనిపించింది కదమ్మా!" అన్నాను గొంతు తగ్గించి. "నేను ముందే చూసుకోలేదు. నన్ను క్షమించు. ఎంత ప్రమాదం తప్పిందో!"

"నాకు తెల్సండి. మీ ఇంటికాడే సూసినాను."

"చూసి కూడా ఉంచమన్నావా?"

ఆవిడ పమిట సర్దుకుంది. తేలు కనిపిస్తూనే ఉంది, దాన్ని కప్పుకోను కూడా లేదు. "పన్నెండేల్లయి మా బావగారికి ఈ సేత్తోనే వడ్డిస్తన్నాను మేడమ్. ఆయన సూసేది ఇస్తరాకు. ఇస్తరి మీద ఏటి పడిందో సూత్తారు గానీ, ఏ సెయ్యి ఏసిందో ఎప్పుడు సూసినారు?"

అనేసి, గవరయ్య టీ గ్లాసు ఖాళీ అయిందేమో చూడ్డానికి వెళ్లింది. ఆయన తల తిప్పకుండానే గ్లాసు అందించాడు. ఆవిడ కుడిచేత్తో అందుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పాఠం చెప్పాను. నా క్లాసులో కెమెరా ముట్టుకోబోయే ప్రతివాళ్లనీ ముందు రెండే ప్రశ్నలు అడిగేదాన్ని. ఎవరి ముఖం తీస్తున్నావు? దాన్ని ఎవరెవరు చూస్తారో ఆ మనిషికి చెప్పావా? క్లోజప్ సంగతి ఆ తర్వాతే. పిల్లలు నాది చాదస్తమనుకునేవాళ్లు. అనుకోనీ.

ఆ ఏడాదే, లైబ్రరీ పుస్తకం వాపసు ఇచ్చే రోజున ఆ గీత గీసిన పేజీ తీశాను. చూసేవాడు ఏం చూస్తాడో ఆ పుస్తకం చాలా రాసింది. ఏం చూడడో నాకు చెప్పింది ఒక్క మనిషే. అందుకని ఆ వాక్యం పక్కన, అంచులో, పెన్సిల్‌తో అప్పలనరసమ్మ అని రాశాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రిక్షా ఎక్కాక మనసు ఊరుకోలేదు. ఆ పుస్తకం ఎవరెవరు తెరుస్తారో ఆవిడకి చెప్పలేదు కదా. రిక్షాలోనే రబ్బరు తీసి, పేరు చెరిపేశాను.