మూడు రోజుల లాగ్

పిన్ని పద్దెనిమిదేళ్లుగా ఒక బస్సు టికెట్ల కంపెనీలో సర్వర్లు చూసుకుంది. అక్కడి సాఫ్ట్‌వేర్‌కు నిద్ర లేదు. చేసిన ప్రతి పనినీ ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. పట్టించుకోకపోతే అది ఉబ్బిపోయి, డిస్క్ నిండి, టికెట్లు ఆగిపోతాయి. అందుకే రోజూ తెల్లవారుజామున పాత ఫైలు మూసుకుని కొత్తది తెరుచుకునేలా, ముప్పై రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా ఏర్పాటు చేసింది.

చదువు మధ్యలో మానేసి వాళ్లింట్లో పడి తింటున్న నాకు ఇదంతా ఆమే నేర్పింది. "కాలేజీకి ఎగనామం పెట్టావు, దీనికీ పెట్టకు," అనేది.

ఈమధ్య డిస్క్ చాలలేదు. పిన్ని 'అన్నయ్యా' అని నోరారా పిలిచే మేనేజర్, "ముప్పై ఎందుకు చెల్లాయ్, మూడు చాలు. నేనున్నాగా!" అన్నాడు. అన్ని లాగ్‌లకూ మూడే పెట్టింది. ఆ సెట్టింగ్ పైన అలవాటుగా, మేనేజర్ గారు చెప్పినందున మార్చానని ఒక లైను రాసింది.

నెల తిరక్కుండానే ఒక బస్సులో ప్రతి సీటూ ఇద్దరికి అమ్ముడుపోయింది. గొడవ పైదాకా వెళ్లేసరికి పదకొండు రోజులు. అప్పటి లాగ్ ఏదన్నారు. ఎక్కడుంది? "ఆవిడే సొంతంగా తగ్గించేసింది," అన్నాడు మేనేజర్. శనివారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు.

బుధవారం పిన్ని సెట్టింగ్ తెరిచింది. తను రాసిన లైను లేదు. సర్వర్లోకి ఎవరెప్పుడు వచ్చి ఏం మార్చారో చెప్పే లాగ్ వెతికితే, మంగళవారం మధ్యాహ్నం మేనేజర్ వచ్చి ఆ సెట్టింగ్ ఫైలే మార్చినట్టు ఉంది.

"దొరికాడు! కాపీ తీసి దాచు పిన్నీ," అన్నాను.

"ఆగరా. భయపడి చేసుంటాడు. తనే చెప్పేస్తాడు."

"చెప్తాడు, నీకు శాలువా కూడా కప్పుతాడు."

"నోర్ముయ్."

ఎదురుచూసింది. ఆయన మెట్ల దగ్గర కనబడి "తిన్నావా చెల్లాయ్?" అని కూడా అడిగాడట. శనివారం పొద్దున చూస్తే మంగళవారం లాగ్ చెరిగిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఇవాళ పోతుందని నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి ఒక్క కాపీ తీయడానికి ఏమొచ్చింది?"

"తీస్తే, అన్నయ్య చెప్పడని నేనే తేల్చేసినట్టు కదరా."

సాయంత్రం ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తర్వు వచ్చింది. కింద సంతకం ఆయనదే. పిన్ని అప్పుడు ఏడ్చింది.