అవతలి ఒడ్డున నా గొంతు

దయ్యాలున్నయంటే నేను ఎన్నడూ నమ్మలే. ఇప్పుడు గూడ నమ్మ. చింతచెట్టు మీద ఏదో కూసుందని మా వాడకట్టు ఆడోళ్లు చెప్తుంటే, "దానికి పనీపాటా లేదా?" అని అడిగేదాన్ని. అయినా ఈ ముచ్చట చెప్తున్న. ఇది ఎవరో చెప్పంగ ఇన్నది కాదు. నా మీదికే వచ్చింది.

అవి ఇంగ్లీషోళ్లకు, జర్మనోళ్లకు జంగ్ నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేటివి. అవి గూడ ఎప్పుడొస్తయో ఎవరికీ తెల్వదు. మాది గద్వాల. నేను, మా ఆయన ఒకే మగ్గం మీద బతికినోళ్లం. ఆయన నేస్తుంటే నేను కండెలు చుట్టేదాన్ని. పెండ్లిళ్ల చీరలన్నీ అయిపోయి చేతులు జర ఖాళీ అయినంక నేనే అన్న, "సోమశిల కాడ కృష్ణ గుట్టల నడుమ పారుతదంట. చూసొద్దాం పా."

మా అత్త సంతోషపడ్డది. మాకు పిల్లలు లేరు. సోమశిల గుడిల మొక్కుకోనీకే పోతున్నమనుకున్నది. "మొక్కు లేదు ఏం లేదత్తా, నీళ్లు చూడనీకి పోతున్నం" అన్న. మోతిని గూడ తోల్కపోతం అన్న. మోతి మా కుక్క. కండ్లు తెరవకముందే వానల తడుసుకుంట మా గడప కాడ పడి ఉంటే, పాలల్ల బట్ట ముంచి నా చేత్తో తాపి పెంచిన. "కుక్కను తీస్కొని సోమశిల పోతరా, నలుగురు నవ్వుతరు" అన్నది అత్త. నవ్వేటోళ్లను నవ్వనీ అనుకున్నం.

బీచుపల్లి కాడ పుట్టిల, గంప లెక్క గుండ్రంగుండే పడవల, నది దాటినం. అది గిర్రున తిరుగుతుంటే మోతి నా ఒళ్ల తల పెట్టుకున్నది. అవతల పెబ్బేరుల మా అన్న ఉంటడు. మగ్గం ఇడిసి సేద్యం పట్టిండు. అన్న ఎడ్లబండి అడిగి తీస్కొని బయలెల్లినం. మా ఆయనకు ఎడ్లంటే భయం, బండి నేనే తోలిన. బాటపొంటి జనం ఆగి చూసిన్రు. చూడనిచ్చిన.

కొల్లాపూర్ దాటినంక ఒక మలుపు తిరగంగనే నది కండ్లబడ్డది. గింత నీళ్లు, గింత ఆకాశం ఒక్కపారి నేను చూడలే. మగ్గం గుంటల కూసున్నోళ్లకు గోడ తప్ప ఏం కనిపిస్తది? మా ఆయన బండిల లేసి నిలబడ్డడు. ఆడ నది బండల నడుమ సన్నగయితది. ఇవతలి ఒడ్డు నిజాముది, అవతలి ఒడ్డు ఇంగ్లీషోళ్ల ఇలాఖ. ఎండ ఇంకా నెత్తికెక్కలే. ఈడనే ఒండుకుందమని బండి ఆపినం.

ఆయన మోతిని తీస్కొని నీళ్ల కాడికి దిగిండు. నేను గట్టు మీది కంపల్ల ఎండు పుల్లలు ఏరుతున్న.

అప్పుడినపడ్డది. "రావయ్యా, బు... బువ్వ సల్లగైతుంది."

నది మీదికెల్లి వచ్చింది. ఎవరో పడుసుది మొగన్ని పిలుస్తుందనుకున్న. మళ్ల వచ్చింది. ఈసారి నా చేతులు ఆగినయి. నాకు చిన్నప్పటి సంది "బువ్వ" అనేటప్పుడు నోరు జర తట్టుకుంటది. ఆ గొంతు గూడ గాడనే తట్టుకున్నది.

పుల్లలు పారేసి ఉరికిన. మా ఆయన నడుముల్లోతు నీళ్లల్ల ఉన్నడు. ఆయనకు ఈత రాదు. అవతలికి చూసుకుంట "వస్తున్ననే, వస్తున్న" అంటుండు. మోతి ఆయన పంచె కొసను పండ్లతోని పట్టుకొని గుంజుతుంది.

"నేనీడున్న! ఎటు పోతున్నవు?" అని మొత్తుకున్న.

ఆయన మర్లి చూసిండు. నన్ను చూసిండు, మళ్ల అవతలి ఒడ్డును చూసిండు. "నువ్వు ఆడున్నవు గదనే?" అన్నడు. ఆ మొఖం నేను చచ్చేదాంక మరువ.

మోతి పంచె ఇడిసి ఒడ్డుకొచ్చింది. నా కాడికి వస్తుందనుకున్న. రాలే. నాకు, ఆయనకు నడుమ నిలబడి, నన్ను చూసి పండ్లు బయటపెట్టి గుర్రుమన్నది. నా చేతిపాలు తాగిన కుక్క! అప్పుడే అవతలికెల్లి, "మోతీ" అని పిలుపొచ్చింది. అదే గొంతు. మోతి అటు చూసి, ఇటు చూసి, వణికింది.

భయం నాకు తర్వాతొచ్చింది. ముందొచ్చింది కోపం. కొంగు నడుముకు చుట్టుకొని నది దిక్కు తిరిగి అరిసిన. "ఎవతివే నువ్వు? నా మొగన్ని, నా కుక్కను పిలవనీకి నువ్వెవతివి? దమ్ముంటే ఇటొచ్చి పిలువు!"

సప్పుడు లేదు. నీళ్ల సప్పుడు తప్ప ఏం లేదు.

గుర్రుమంటున్నా మోతి పక్క నుంచే నడిసి నీళ్లల్ల దిగిన. కరిస్తే కరవనీ అనుకున్న. ఆయన చెయ్యి పట్టుకొని ఒడ్డుకు గుంజుకొచ్చిన. మోతి నా తడి కాళ్లు శానాసేపు వాసన చూసింది. ఆకరికి కుయ్యిమని నా పాదాల మీద పండుకున్నది.

పొద్దు తిరిగినంక ఆయన చెప్పిండు. గొంతు ఒక్కటే కాదంట. అవతల బండ మీద నేను కూసోని, సద్దిమూట ఇప్పుతుంటే చూసిండంట. నేను కట్టుకున్న ఆకుపచ్చ చీరనే అంట.

సోమశిల చేరినంక, ఆడ పుట్టి నడిపేటి ముసలాయనకు చెప్పినం. ఆయన నవ్వలే. "ఆ మలుపుల ఎవరు పిలిసినా పలుకొద్దు తల్లీ. ఒక కోడిని కోసి పోండ్రి" అన్నడు. నేను కొయ్యనన్న. ఏం తప్పు చేసినమని కొయ్యాలె? ఆడనే ఉండి, నది కడుపునిండ చూసి, తానం చేసి బయలెల్లినం.

వేరే బాటన పోదమని మా ఆయన బతిమిలాడిండు. నేను ఎడ్లను ఆ బాటనే తోలిన. అదే మలుపుల బండి ఆపి, అదే గట్టు మీద పొయ్యి పెట్టిన. ఆయన నది దిక్కు ఈపు పెట్టి తిన్నడు. మోతి బండి దిగలే.

పెబ్బేరుల మా అన్న అంతా ఇని, "పిచ్చిదానా, గుట్టలకు తాకి నీ మాటనే మర్లొచ్చింది" అన్నడు. ఆ పొద్దు పుల్లలు ఏరేటప్పుడు నోరే తెరవలేదని నేనన్న. అంతకుముందెప్పుడో అన్నవేమో అన్నడు. అప్పుడు చెప్పిన మా అన్నకు, మర్లొచ్చేటప్పుడు ఆ మలుపుల నేనేం చేసిన్నో. పొయ్యి కాడికెల్లి లేసి, నీళ్ల అంచున నిలబడి, నా పేరు నేనే గొంతు పలిగేదాంక పిలిసిన. మోతి పేరు పిలిసిన. మా ఆయన్ని పిలిసిన. గుట్టలు ఒక్క మాట గూడ మర్లగొట్టలే.

మా అన్న లేసి ఎడ్లకు గడ్డి ఎయ్యనీకి పోయిండు.

ఆ పొద్దు పిలిసిందెవరో నాకు తెల్వదు. చదువుకున్నోళ్లనడిగిన, దేవునోళ్లనడిగిన. ఎవరి మాటా నాకు సరిపడలే. దయ్యమంటె నేనొప్పుకోను. కాదంటె మరి ఏందో చెప్పలేను.

మరుసటేడు మళ్ల పోదమంటే మా అత్త తల కొట్టుకున్నది. పోయినం. అదే బాట. బండి నేనే తోలిన.