స్పాంజి మందు, శరణమ్మ ప్రశ్న

మందు పని చేయాలంటే రోగికి అబద్ధం చెప్పక తప్పదని మీకు ఎవరు నేర్పారు?

రెండేళ్ల కిందటి ఎండాకాలం. రాయచూరులో ఒక ఆసుపత్రి కీమో వార్డులో నేను నర్సును. దేవసూగూరు నుంచి శరణమ్మ అనే కూలి మనిషి రొమ్ము క్యాన్సర్‌తో మా దగ్గరకు వచ్చేది. లింగదీక్ష తీసుకున్న మనిషి. గుడ్డు వండిన గిన్నె కూడా ముట్టదు. సూది గుచ్చేటప్పుడు మెడలోని లింగాన్ని కుడి గుప్పిట్లో పట్టుకొని ఎడమ చెయ్యి చాచేది.

ఆమెకు మొదట ఇచ్చిన మందు నిజంగానే ఒక చెట్టు బెరడులో దొరికింది. ఆ మాట విని సంతోషంగా ఎక్కించుకుంది. అది పని చేయడం మానేశాక డాక్టరు ఎరిబులిన్ రాశారు. దాని మూలం సముద్రంలోని స్పాంజి అనే జీవి. థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే ఆమె కొడుకు బసవరాజు మాత్రం, "గదే చెట్టు మందు, జెర గట్టిది" అని చెప్పి తీసుకొచ్చాడు.

నేను క్యాన్యులా, అంటే చేతి నరంలో ఉంచే సన్నటి గొట్టం, పెట్టాను. ఇంతలో పక్క కుర్చీలోని రోగి భర్త ఫోనులో ఆ మందు పేరు వెతికి, "సముద్రంల జీవి నుంచి తీసిన్రంట" అని పైకి చదివాడు. శరణమ్మ చాచిన చెయ్యి ముడుచుకుంది.

బసవరాజు నన్ను తలుపు దగ్గరికి లాగి బతిమాలాడు. "అక్కా, చెట్టు మందే అని ఒక్క మాట చెప్పు. నీ మాట ఇంటది." నాతో పనిచేసే నర్సు కూడా, "ఒక్క అబద్ధంతోని పానం నిలబడితె తప్పేంది?" అంది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. దీక్షల మీదా లేదు. కానీ, జనం మంచికే అంటూ అబద్ధం చెప్పే బాబాలను తిట్టే నోటితో నేనూ అదే పని చేస్తే, తెల్ల కోటుకూ కాషాయానికీ తేడా ఏమిటి? ఆ నరం ఆమెది. అందులోకి ఏది వెళ్లాలో తేల్చుకునే హక్కూ ఆమెదే.

వెళ్లి ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"సిస్టరమ్మా, ఇది జీవం మందా?"

"మొదలు దొరికింది జీవం కాడనే అవ్వా. స్పాంజి అని సముద్రంల రాళ్లకు ముద్ద లెక్క అంటుకొని ఉంటది."

"అయిపాయె!" అని బసవరాజు నెత్తి కొట్టుకున్నాడు.

"నువ్వు నోర్ముయ్. చెట్టంటివి గద, ఏం చెట్టురా? తుమ్మనా, యాపనా?" కొడుకును కసిరి నా వైపు తిరిగింది. "ఉరకనీకి దానికి కాళ్లు లేవా?"

"లేవు."

"అరవనీకి నోరు?"

"అదీ లేదు. దాని ఒంట్ల ఉండే విషమే దానికి కాపలా. క్యాన్సర్ కణం ఒకటి రెండు గాకుండ ఆ విషం అడ్డం పడతదని శాస్త్రవేత్తలు కనిపెట్టిన్రు. తర్వాత దాన్ని చూసి కారఖానల తయారు చేసుడు నేర్చుకున్నరు. ఈ సీసల స్పాంజి లేదు. కాని మొదలు వెతికినప్పుడు చానా స్పాంజీలను కోసిన్రు. అది నీకు దాచను."

"అయ్యో, ముద్ద లెక్క కూసున్నదాన్ని కోసిన్రా!" మెడలోని లింగాన్ని తడుముకుంటూ లేచింది. "ఇయ్యాల వద్దు. ఇంటికి పోయి పూజల ఈ లింగయ్యను అడిగొస్త."

గొట్టం తీసి దూది అదిమాను. ఆమె మెట్లు దిగేదాకా తలుపు దగ్గరే నిలబడి చూశాను. తిరిగి రాకపోతే, నా నిజమే ఆమెను చంపినట్టవుతుంది. ఆమె వచ్చేదాకా అన్నం సరిగా తినలేదు.

వారం తిరక్కముందే వచ్చింది. "లింగయ్య ఏమన్లే. నేనే యోచన చేసిన. కోసినోళ్ల పాపం కోసినోళ్లది. అది సచ్చి నేర్పిన ఇద్యను మోరిల పారబోస్తె, అది ఊకెనే సచ్చినట్టు గాదా?" లింగాన్ని గుప్పిట్లో పట్టుకొని చెయ్యి చాచింది. "ఎక్కియ్ బిడ్డా. మెల్లగ."

అప్పటినుంచి వచ్చినప్పుడల్లా, "నా ముద్దమ్మ తయారైందా?" అని అడిగేది. వార్డంతా నవ్వేది.

నిజం చెప్పడం వల్ల ఇంకో ప్రయోజనం కూడా కలిగింది. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుందని, జ్వరం వస్తే ఆగకుండా రావాలని ఆమెకే చెప్పాను. ఒకరోజు ఒళ్లు వెచ్చబడగానే తనే ఆటో ఎక్కి వచ్చింది. రక్తపరీక్షలో ఆ కణాలు బాగా పడిపోయినట్టు తేలింది. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం, ప్రాణం నిలబడింది. చెట్టు మందే అనుకొని ఉంటే కషాయం తాగి ఇంట్లో పడుకునేది.

జబ్బు నయం కాలేదు. కాని కాలం దొరికింది. మందు వల్ల వేళ్లు మొద్దుబారి రొట్టె తట్టడం రాకపోతే బసవరాజుకు నేర్పింది. అతని జొన్న రొట్టె కృష్ణా నది మ్యాపులా ఉందని నాకు తెచ్చి చూపించి నవ్వింది. మరుసటి ఏడు తన ఇంట్లో, కొడుకు చేతిలో చెయ్యి ఉంచి కన్నుమూసింది.

ఆమె నాకు నేర్పింది ఒకటే. నిజాన్ని తట్టుకోలేనిది చాలాసార్లు రోగి కాదు, రోగి చుట్టూ ఉన్న మనం.

మీ ఇంట్లో మందులు వాడుతున్న మనిషి ఉన్నారా? ఇది చదవడం ఆపి లేవండి. పక్కన కూర్చొని జబ్బు పేరు, మందు పేరు, అది ఒంట్లో చేసే మంచీ చెడూ చెప్పండి. మీకే తెలియకపోతే డాక్టరును నిలబెట్టి అడిగి, వచ్చి చెప్పండి. వాళ్లు ఆ మందు వద్దంటే ఎందుకు వద్దో వినండి. రేపటికి వాయిదా వేయకండి.