ఆకాశంలో చెయ్యి

క్యాసెట్‌ని మధ్యలో ఆపే మీట కనిపెట్టినవాడు ఎవడో గాని, వాడి ఊసెత్తితే చాలు, పిన్నికి ఒళ్ళు మండిపోయేది. ఆ సీరియలు టీవీలో వచ్చినంతకాలం ఏ గొడవా లేదు. ఆ ముక్క అలా వచ్చేది, అలా పోయేది. చూసినవాళ్ళు చూశామనేవాళ్ళు, చూడనివాళ్ళు నీ మొహం అనేవాళ్ళు, అంతటితో సరి. క్యాసెట్లు దుకాణాల్లోకి వచ్చాక ఇంకేముంది, జనం ఆపి ఆపి చూడటం మొదలుపెట్టారు. ఆమె మొగుడి చెయ్యి ఇంటింటా తెర మీద నిలబడిపోయింది.

ఆమె అందరికీ పిన్ని. ఒక మేడలో పైవాటాలో కాపురం ఉంటూ, మెట్ల కింద చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలూ పరదాలూ కుట్టేది. మాట పెళుసు, చెయ్యి శుభ్రం. ఆమె వేసిన కుట్టు ఊడిందని వెనక్కి వచ్చినవాళ్ళు లేరు. మొగుడు టీవీ స్టూడియోలో నమూనాల పనివాడు. నౌకలో కూర్చుని నక్షత్రాల మధ్య తిరిగేవాళ్ళ కథ ఒకటి ఏళ్ళ తరబడి వచ్చేది చూడండి, కెప్టెన్లు మారినా, జుట్టు ఫ్యాషన్లు మారినా ఆగకుండా నడిచింది, ఆ కథలో ఎగిరే నౌకలన్నీ ఈయన చేతులమీదుగా పుట్టినవే. పౌడరు డబ్బాలు, పెన్ను మూతలు, నూనె పోసే గరాటు, ఏది దొరికితే అది అతికించి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తే అది అంతరిక్ష నౌక అయిపోయేది. పిన్ని గరాటు కనబడలేదంటే ఆదివారం టీవీలో చూసుకోవలసిందే.

ఇంత చేసినా సీరియలు చివర వచ్చే పేర్లలో ఆయన పేరు ఉండేది కాదు. వంటవాడి పేరు వేసేవారు, కారు నడిపేవాడి పేరు వేసేవారు. ఈయన విభాగానికి మాత్రం దాన్ని నడిపే పెద్దాయన పేరొక్కటే. "వచ్చే ఏడాది నుంచి నీ పేరు కూడా వేయిస్తాన్లే," అని ఆ పెద్దాయన భుజం తట్టాడు. ఆ మాట పట్టుకుని ఈయన స్వర్గానికి ఒక మెట్టు కింద తిరిగాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగింది ఆ పాడు సంగతి.

నౌక ఎర్రటి గ్రహం మీద దిగాలి. పళ్ళెంలో ఇటుకపొడి పోసి నేల చేశారు. నౌకని సన్నటి తీగలమీద వేలాడదీసి పైనుంచి ఈయన దింపుతున్నాడు. నల్ల చొక్కా, నల్ల గ్లవుజులు వేసుకునే చేసేవాడు ఎప్పుడూ. ఆ రోజు తీగ ముడి జారుతోందని కుడిచేతి గ్లవుజు తీసి ముడి వేశాడు, తిరిగి తొడుక్కునే లోపల కెమెరా నడపమన్నారు. నౌక సగం దిగింది. తీగ తెగింది. రెండు నెలల పని ముక్కు కిందకి పెట్టి పడిపోతుంటే ఏ తండ్రయినా ఏం చేస్తాడు? చెయ్యి చాచి పట్టుకున్నాడు. తెర మీద మాత్రం ఆకాశంలోంచి ఒక చెయ్యి వచ్చి, నౌక వీపు పట్టుకుని, దాన్ని సరిచేసి, చటుక్కున మాయమైంది.

సాయంత్రానికల్లా ఆ గది ఇంకో కార్యక్రమానికి ఖాళీ చెయ్యాలి. మళ్ళీ తీసే టైము లేదు. "ఎవరూ చూడర్లే," అన్నాడు దర్శకుడు. అందరూ చూశారు. పెద్దాయన ఆ తర్వాత ఈయన్ని నౌకల దగ్గరకు రానివ్వలేదు, సెట్ల తలుపులకి రంగు వేసే పనిలో పెట్టాడు. పేరు సంగతి అడిగితే "చూద్దాం" అన్నాడు. ఈయన ఉద్యోగం మానేసేదాకా ప్రతి ఏడాదీ అడిగాడు, ప్రతి ఏడాదీ చూద్దామనే అన్నారు.

క్యాసెట్లు వచ్చినప్పుడు ఈ కథని ఊరంతా చాటినవాడు పిన్ని తమ్ముడే. పరాయివాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, సొంత తమ్ముణ్ణి ఏమంటుంది? ఇంటికి వచ్చినప్పుడల్లా వాడు, "బావా, ఈ బీరువా అటు జరగాలి, పైనుంచి ఓ చెయ్యి వెయ్యవా," అనేవాడు. ఈయన నవ్వేవాడు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, "టేపు నువ్వే పడతావా పిన్నీ, పైనుంచి ఆ చెయ్యి వస్తుందా," అనేవాళ్ళు. పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి వాళ్ళు బతికిపోయారు.

ఆయన మాత్రం కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాడు. దుకాణంలో చిల్లర ఎడమచేత్తో తీసుకునేవాడు. ఫొటో దిగాలంటే ఎవరి వెనకో నిలబడేవాడు. పైగా ఆ చేతికి చూపుడువేలు ఒక కణుపు తక్కువ, ఎప్పుడో రంపం కింద పోయింది. పిన్ని ఏమీ అనకుండా ఆయన ప్యాంట్లన్నిటికీ కుడి జేబు విప్పి, మణికట్టు దాకా పట్టేలా లోతుగా కుట్టింది. ఆయనా ఏమీ అనకుండా తొడుక్కున్నాడు. ప్రేమ చూపించడం ఆమెకి ఆ రకంగానే వచ్చు.

తర్వాత క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చాయి. క్యాసెట్లో తెల్లటి ముద్దలా ఉన్నది డిస్కులో చెయ్యి అయి కూర్చుంది, పొట్టి వేలుతో సహా. పిన్ని తల పట్టుకుంది. ఆ వేలు ఆనవాలు పట్టుకునే ఒక బస్సు డ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఆ చెయ్యి ఇక్కడేనా అండీ ఉండేది," అని అడిగాడు. పిన్ని తలుపు వాడి ముక్కు మీద వెయ్యబోయింది గాని, ఈయన లోపలినుంచి రమ్మన్నాడు.

"చిన్నప్పుడు ఆ నౌక నిజమే అనుకునేవాణ్ణి బాబాయ్," అన్నాడు డ్రైవరు కూర్చుని. "మీ చెయ్యి చూశాకే తెలిసింది, దీన్ని ఎవరో మనిషి చేశాడని. పడిపోతుంటే పట్టుకున్నాడని. బస్సు నడిపేటప్పుడు కూడా గుర్తొస్తుంటుంది."

వాడు వెళ్ళి ఇంకొందరిని తెచ్చాడు. నెలకోసారి వాళ్ళ ముందుగదిలో చేరి ఆ ముక్క వేసుకుని, ఆపి, చూసి, తీగ ఎలా కట్టేవారు, రంగు ఏం కలిపేవారు అని అడిగేవాళ్ళు. ఈయన చెప్తూ చెప్తూ తనకి తెలియకుండానే కుడిచెయ్యి జేబులోంచి తీసి గాల్లో ఊపేవాడు. పిన్నికి మాత్రం వంటింట్లోకి నవ్వులే వినిపించేవి. అందరూ నవ్వుతున్నారు, మధ్యలో ఈయన నవ్వు. తమ్ముడు బీరువా సంగతి ఎత్తినప్పుడు నవ్విన నవ్వే అది అనుకుంది. ఇంత ముసలితనంలో కూడా పరాయివాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టుకుని వేళాకోళం చేయించుకుంటున్నాడని కుమిలిపోయింది. నిజం చెప్పాలంటే ఆయన కోసం సగమే కుమిలింది. తక్కిన సగం తన కోసం. జీవితమంతా ఆ చెయ్యికి పెళ్ళాంగా బతికీ బతికీ విసిగిపోయింది మనిషి.

అప్పుడు వచ్చాడు ఆ డిస్కులు వేసే కంపెనీ మనిషి. సీరియలు మొత్తం మొదటినుంచి చివరిదాకా ఒకే పెట్టెలో వేస్తున్నారట, పాత ఫిల్ము మీద గీతలూ మచ్చలూ లేకుండా కంప్యూటరులో కడిగి మరీ. దాంతోపాటు ఆనాటి పనివాళ్ళ కబుర్లు కూడా ఒక డిస్కులో ఇస్తారట. గదిలో దీపాలు పెట్టి, కెమెరా పెట్టి, ఈయనచేత పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడించాడు. అంతా అయ్యాక ఈయన మెల్లిగా, "బాబూ, ఈసారైనా నా పేరు వేస్తారా," అని అడిగాడు.

"చూద్దాం సార్," అన్నాడు కంపెనీ మనిషి.

పిన్ని అతన్ని సాగనంపడానికి మెట్లు దిగింది. మలుపు దగ్గర ఆపింది.

"అన్నీ కడుగుతామన్నారు కదా బాబూ. ఆ చెయ్యి కూడా తీసెయ్యండి. ఆయన నోరు తెరిచి అడగరు, నేనే అడుగుతున్నా."

"అదేంటమ్మా, జనానికి అదంటే సరదా."

"సరదా మీకు. వీధిలో తలెత్తుకుని నడవాల్సింది మేము."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "మీ పేరేంటమ్మా," అన్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పింది. వెనక్కి మెట్లెక్కుతుంటే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంది. ఆ పూట ఆయనకి ఇష్టమని టీలో పంచదార ఎక్కువ వేసింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని చేతి గోళ్ళు తీసుకుంటూ, "కొత్త పెట్టెలో గోళ్ళు కూడా కనిపిస్తాయటే," అన్నాడు. "డ్రైవరు చెప్పాడు. గోరు చివర ఎర్ర రంగు అంటుకుని ఉంటుంది. ఇటుకపొడి చాలక నేనే కలిపాను ఆ రంగు."

"మీకు సిగ్గుగా ఉండదా?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడెందుకూ? పేరు ఎలాగూ వెయ్యరు. నేనక్కడ పని చేశాననడానికి ఆ చెయ్యి ఒక్కటేగా ఉన్నది. మనం పోయినా అది ఉంటుంది."

పిన్ని మర్నాడు పొద్దున్నే మిషను గదిలోంచి, ఆ చెయ్యి తీయొద్దని చెప్పడానికి కంపెనీకి ఫోను చేసింది. అటువైపు అమ్మాయి ఇంకొకరికి ఇచ్చింది, వాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు, చివరికి ఎవరో చెప్తామని పెట్టేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. అప్పుడే వెళ్ళి మొగుడికి చెప్పేస్తే సరిపోయేది. తిట్టేవాడు, రెండు రోజులు మాట్లాడేవాడు కాదు, ఆయనే డ్రైవర్ని వెంటబెట్టుకుని కంపెనీకి వెళ్ళి ఆపించేవాడేమో. చెప్పలేదు. నోరు రాలేదు. బదులుగా ఒక ధైర్యం కూడగట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఏది అడిగినా చెయ్యనివాళ్ళు, ఇదొక్కటి మాత్రం ఎందుకు చేస్తారు? మెట్ల మీద ఒక ముసలిది అడిగిన మాట వాళ్ళకి గుర్తుంటుందా? మర్చిపోయే ఉంటారు. వాళ్ళ నిర్లక్ష్యం మీద అంత నమ్మకం పెట్టుకుని రోజులు వెళ్ళదీసింది.

పెట్టె వచ్చింది. డ్రైవరు సెలవు పెట్టి మరీ పట్టుకొచ్చాడు. నల్లటి అట్టపెట్టె, పైన వెండిరంగులో నౌక, ఈయన చేసిన నౌకే. ఈయన ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ముందు వరస అంటే ఏముంది, ఉన్నవి మూడు కుర్చీలు. పిన్ని మూడోదాంట్లో కొంగు నలుపుకుంటూ కూర్చుంది.

ఎర్రటి గ్రహం వచ్చింది. ఇటుకపొడి రేణువు రేణువూ కనిపిస్తోంది. నౌక దిగింది. సాఫీగా, కుదుపు లేకుండా, వెన్న మీద కత్తిలా దిగి నిలబడింది.

"వేరేదేమో ఇది," అన్నాడు ఈయన. "ఇంకోసారి దిగుతుంది చూడు."

డ్రైవరు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. ఆపి, ఒక్కో బొమ్మా జరిపాడు. ఆకాశం నల్లగా, ఖాళీగా ఉంది.

"తీసేశారు బాబాయ్," అన్నాడు. "ఎవడు తీయమన్నాడో వీళ్ళని."

పిన్ని చెప్పబోయింది. నిజంగానే చెప్పబోయింది. ఈలోగా డ్రైవరు, ఆ కబుర్ల డిస్కులో ఏమన్నా ఉందేమో చూద్దామని అది వేశాడు. ఈయన మాట్లాడిన మాటల్లో ఒక్క ముక్క కూడా లేదు. కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు కంప్యూటరు ముందు కూర్చుని గర్వంగా చెప్తున్నాడు. తెర రెండుగా చీలింది. ఎడమవైపు చెయ్యి ఉంది, గోటి చివర ఎర్ర రంగుతో. కుడివైపు లేదు.

"ఇది మేము మామూలుగా ముట్టుకునేవాళ్ళం కాదు," అంటున్నాడు కుర్రాడు. "కాని ఆ పనివాడి భార్యే మా మనిషిని మెట్ల మీద ఆపి అడిగారు. ఆ కుటుంబం ఇన్నేళ్ళు పడ్డ అవమానం మేము తుడవగలిగాం."

డ్రైవరు ఎటు చూడాలో తెలియక పెట్టె మూత మూసి, తెరిచాడు. తెర మీద పేర్లు మొదలయ్యాయి. కెమెరా పట్టినవాడు, దీపం పట్టినవాడు, కంప్యూటరు కుర్రాడు. ఈయన కళ్ళు చికిలించుకుని చూస్తున్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు పిచ్చి మారాజు, తన పేరు కోసం. అన్నిటికంటే చివర "ప్రత్యేక కృతజ్ఞతలు" అని వచ్చింది. దాని కింద ఒకే ఒక్క పేరు. పిన్ని పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"నేను వెళ్ళొస్తా బాబాయ్," అని డ్రైవరు లేచాడు. పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళాడు.

"మీ కోసమే అడిగానండీ," అంది పిన్ని. ఆ మాట తనకే సగం అబద్ధంగా వినిపించింది. "మీకు కష్టంగా ఉందనుకున్నా. తర్వాత వద్దని ఫోను చేశాను, ఎవరూ వినిపించుకోలేదు."

"నేను ఎన్నేళ్ళు అడిగానో నీకు తెలుసు కదా," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నువ్వు ఒక్కసారి అడిగావు."

ఆమె టీవీ కట్టేద్దామని లేచింది.

"కట్టెయ్యకు," అన్నాడు. "వెనక్కి తిప్పు. నీ పేరు దగ్గర ఆపు. సరిగ్గా చూడనీ."

పిన్ని వెనక్కి తిప్పింది. ఆ మీటే నొక్కింది. ఆమె పేరు తెర మీద నిలబడిపోయింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు, ఆమె కుట్టిన ఆ లోతు జేబులో, మణికట్టు దాకా.