అల్లుడుగారు బిగించిన కప్పు

"అటు కాదయ్యా, ఇటు. దానిది ఎడమ మర. రెండు రోజుల్నుంచీ నువ్వు దాన్ని విప్పడం లేదు, బిగిస్తున్నావు."

ఈ మాట అన్నది మా ఆవిడ. అనిపించుకున్నది మా కొత్త అల్లుడుగారు. అప్పటికి పెళ్లయి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో మా ఆవిడ ఆయనతో నేరుగా ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. వాటిలో సగం "ఇంకొంచెం వేసుకోండి" అన్నవే. అలాంటి మనిషి కాఫీ గ్లాసుల పళ్లెంతో వరండా గుమ్మంలో నిలబడి అల్లుణ్ని నువ్వు అనేసింది. పైపు రెంచి పట్టుకున్న ఆయన పట్టుకున్నట్టే ఉండిపోయారు. చెరోవైపు సైకిలు ఫ్రేము పట్టుకుని కూర్చున్న నేనూ, పక్కింటి ఫిట్టరుగారూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగదని ఇద్దరికీ తెలుసు.

మాది కొవ్వూరు. ముప్పై ఏళ్లు రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే పాత సైకిలు మీద గోదావరి గట్టు వెంట కాసేపు తిరిగి రావడం అలవాటు. ఆ వానాకాలం వీధిలో నీళ్లు వరండా ఎక్కి, సైకిలు రెండు రోజులు పెడళ్ల దాకా మునిగి నిలబడింది. అప్పట్నుంచీ తొక్కినప్పుడల్లా పెడళ్ల మధ్య ఇరుసు దగ్గర ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు చప్పుడు. ఆ ఇరుసు ఫ్రేములో ఒక పొట్టి గొట్టంలో తిరుగుతుంది. గొట్టానికి రెండు వైపులా మరలున్న ఇనప కప్పులు, వాటిలో బాల్సు. తుప్పు పట్టిన కప్పులు ఊడదీస్తే తప్ప కొత్తవి వెయ్యలేం. మా వీధి చివర సైకిలు షాపు ఎప్పుడో సెల్‌ఫోన్ల షాపయిపోయింది. బండి రాజమండ్రి తీసుకెళ్లి ఇచ్చి రావచ్చు. ఇవ్వకపోవడానికి కారణం అల్లుడుగారు.

ఆయనది పిఠాపురం. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పెళ్లయ్యాక మా ఇంటికి రావడం అది మూడోసారి. మా వైపు కొత్త అల్లుడికి చేసే మర్యాదల గురించి పేపర్లలో చాలా వచ్చింది, నేనే కొన్ని దిద్ది అచ్చుకి పంపాను. ఆ మర్యాద పడేవాడి బాధ మాత్రం ఎవరూ రాయలేదు. ఆయన ఫ్యాను కింద కుర్చీలోంచి లేస్తే ఇద్దరం లేచేవాళ్లం. మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపితే, ఆ చెయ్యి చేరేలోపల గ్లాసే ఎదురొచ్చేది. ఒకసారి తిన్న కంచం తానే తీయబోతే మా ఆవిడ పరుగున వచ్చి లాక్కుంది. ఆమె కంగారు చూసి తానేదో అపచారం చేశాననుకుని ఆయన సాయంత్రం దాకా బయటికి రాలేదట.

అప్పుడు మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి మా ఇద్దరికీ తేల్చి చెప్పింది. ఇక్కడికి రావాలంటేనే ఆయనకి భయం పట్టుకుందట. ఇంట్లో మనిషిలా చూడండి, ఏదో ఒక పని చెప్పండి, లేకపోతే వచ్చేసారి నుంచీ నేనొక్కదాన్నే వస్తాను అంది. ఒట్టి బెదిరింపు కాదు. మా అమ్మాయి అన్నంత పనీ చేసే రకం.

అలా సైకిలు ఆయన చేతికి వెళ్లింది. అల్లుడి చేత సైకిలు బాగు చేయిస్తే నలుగురూ ఏమనుకుంటారని మా ఆవిడ గింజుకుంది. చివరికి, కనీసం కుర్చీలో కూర్చుని చెయ్యమనండి అని నా ద్వారా కబురు పంపింది. కాబట్టి మొదటి అరగంట ఆయన దిండు వేసిన కుర్చీలో కూర్చుని, ఎదురుగా తలకిందులుగా పెట్టిన సైకిలుతో, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు పని చేశారు. తర్వాత ఎవరూ చూడకుండా కిందికి దిగిపోయారు.

ఆ మధ్యాహ్నం అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఈమధ్య చూడలేదు. నా పాత లుంగీ, బనీను, నుదుటి మీద గ్రీజు. సుత్తితో పెడళ్ల కాడలు ఊడగొట్టారు. ఎడమ వైపు కప్పు నాలుగు దెబ్బలకే కదిలి, మామూలు మర లాగే తిరిగి వచ్చేసింది. వస్తూ వస్తూ బాల్సన్నీ వరండా నిండా చిమ్మేసింది. నేనూ ఆయనా మోకాళ్ల మీద పాకుతూ చెప్పుల స్టాండు కింద వెతుక్కున్నాం. పదకొండూ దొరికాక ఆయన పరీక్ష పాసైనట్టు లేచి నిలబడ్డారు.

చిక్కంతా కుడి వైపు కప్పుతో వచ్చింది. ఎడమది ఎటు తిప్పితే వచ్చిందో కుడిదీ అటే వస్తుందని ఆయన అనుకున్నారు. ఎవరైనా అనుకుంటారు. కానీ తొక్కుతున్నప్పుడు వదులు కాకుండా కుడి కప్పుకి ఎడమ మర పెడతారు, అది ఎదురు తిప్పితేగానీ రాదు. ఈ సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఇంకొకరి తప్పులు దిద్ది జీతం తీసుకున్నవాణ్ని. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో మనిషికి చెప్పినట్టు ఆయన చేతికిచ్చిన మొదటి పని. అది తప్పు చేస్తున్నారని కొత్త అల్లుడితో ఎలా అంటాం? గంటలో ఆయనే కనిపెడతారు, ఫిజిక్స్ మేస్టారు కదా అని ఊరుకున్నాను.

ఫిజిక్స్ మేస్టారు కనకే కనిపెట్టలేదు. ఎక్కువ బలం కావాలంటే పిడి పొడుగు పెంచాలని నాకు విడమరిచి చెప్పి, స్పానరుకి ఒక బోరు పైపు ముక్క తొడిగారు. లెక్కలో తప్పేమీ లేదు. దిక్కులోనే. సాయంత్రం కప్పు చుట్టూ కిరసనాయిలు పోసి నానబెట్టాం. మర్నాడు పొద్దున్న పక్కింటాయన పైపు రెంచి తెచ్చారు. ఆయన రైస్ మిల్లులో ఫిట్టరుగా చేసి మానేసినాయన. ఒక్క చూపులో విషయం అర్థమైపోయింది. ఆయన నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను. దాంతో మిగతాదీ అర్థమైపోయింది.

"మా మిల్లులో ఇంజను బోల్టులు ఎప్పుడూ వదులేనండి అల్లుడుగారూ," అన్నారు ఎంతో గౌరవంగా. "ఆ రోజుల్లో మీరుండాల్సిందండి."

అల్లుడుగారు సిగ్గుపడి థాంక్సండీ అన్నారు. నాకు దగ్గొచ్చింది.

తర్వాత ఫిట్టరుగారు కూడా ఒక చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. మర్యాద కోసం ఆయనా అటే లాగారు. గోరంత బలం మాత్రమే పెట్టాననీ, మిగతాదంతా మూలుగుతో సరిపెట్టాననీ తర్వాత నాతో చెప్పుకున్నారు. ఆయన మూలిగే కొద్దీ అల్లుడుగారికి పట్టుదల పెరిగింది. ఒకసారి రెంచి జారి వెనక్కి విరుచుకుపడి, తులసి కుండీ పక్కన కూర్చుండిపోయారు. లేచి లుంగీ దులుపుకుని మళ్లీ కప్పు బిగించారు.

మా ఆవిడ వచ్చింది అప్పుడే. ఆమె సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ల నాన్నగారికి నిడదవోలులో స్టేషను దగ్గర అద్దె సైకిళ్ల షాపుండేది. బళ్లో చదువుకునే రోజుల్లో ఆమె సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి. కప్పుల్లో గ్రీజు రాసి బాల్సు పేర్చడం ఆమె పని. ముందురోజు నుంచీ కాఫీ వంకతో నాలుగుసార్లు వచ్చి, చూసి, పెదాలు బిగబట్టి వెళ్లిపోయింది. ఐదోసారి వచ్చేసరికి రెంచి జారి జారి కప్పు అంచులు గుండ్రంగా అరిగిపోతున్నాయి. మనిషికి ఎంత అవమానమైనా చూసి ఊరుకుంటుందిగానీ, సైకిలు సామాను పాడైపోతుంటే చూడలేదు.

అనేశాక నాలిక్కరుచుకుని, పళ్లెం కిటికీలో పెట్టి లోపలికి పారిపోయింది. అల్లుడుగారు కప్పువైపు చూశారు, ఎడమ చెయ్యి గాల్లో ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత రెంచి ఎదురువైపు వేసి లాగారు. రెండు రోజుల బిగింపు ఊరికే పోతుందా, కప్పు కదల్లేదు. పట్టుకోవడానికి అంచులూ మిగల్లేదు.

ఆయన గుమ్మం దాకా వెళ్లి పిలిచారు. "అత్తయ్యగారూ, ఒక్కసారి రండి. మీరు రాకపోతే ఇది వచ్చేలా లేదు."

వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, ఒక పొడుగాటి బోల్టు, నట్టు, రెండు దళసరి వాషర్లు అడిగింది. ఫిట్టరుగారు ఆ వయసులో గోడ దూకినంత పని చేసి తెచ్చారు. కప్పు మధ్య కన్నంలోంచి బోల్టు దూర్చి, అటొక వాషరూ ఇటొక వాషరూ వేసి, నట్టుతో కప్పుని గట్టిగా నొక్కి పట్టించింది. ఇక బయటి నట్టుని మామూలుగా బిగిస్తూ పోవాలట. నట్టుది కుడి మర. అది బిగుసుకునే దిక్కే కప్పు ఊడే దిక్కు. ఇక బిగవలేక, నట్టే కప్పుని తనతోపాటు తిప్పేస్తుంది. వాళ్ల నాన్నగారు ఇలాగే తీసేవారట. అల్లుడుగారి కళ్లు పెద్దవయ్యాయి. బిగిస్తే ఊడుతుందన్నమాట, అన్నారు, క్లాసులో వెనక బెంచీ పిల్లాడిలా.

మా ఆవిడ స్పానరు ఆయన చేతిలో పెట్టింది.

"బిగించడం నీకు బాగా వచ్చుగా. బిగించు."

ఫిట్టరుగారు ముందు నవ్వారు. ఆ తర్వాత ఎవరు ఎవరి తర్వాత నవ్వారో చెప్పలేను. అల్లుడుగారు నవ్వుతూనే పిడి మీద వాలారు, మా ఆవిడ కూడా పైపు చివర పట్టుకుంది, నేను ఫ్రేము మీద కూర్చున్నాను. టక్‌మని ఒక చప్పుడు. పిడి పావు చుట్టు తిరిగింది. ముందు బోల్టే విరిగిందనుకున్నాం. ఫిట్టరుగారు వంగి వేలు పెట్టి చూసి, వచ్చిందండీ అన్నారు. లోపల్నుంచి మా అమ్మాయి పరిగెత్తుకొచ్చేసరికి మా ఆవిడ నేల మీద కూలబడి కళ్లు తుడుచుకుంటోంది, నాకు పక్కటెముక పట్టేసింది, అల్లుడుగారు తుప్పు పట్టిన కప్పుని లడ్డూలా అరచేతిలో పెట్టుకుని వీధివైపు చూపిస్తున్నారు. వీధిలో చూసేవాళ్లెవరూ లేరు.

ఆ పూట ఆయనకి బాగా తిట్లు పడ్డాయి. గోడకి చేతులానించి నల్లటి ముద్ర వేశారని ఒకసారి. కిరసనాయిలుతో కడుక్కోకుండా సబ్బు పట్టుకున్నారని ఒకసారి. తిట్టిన ప్రతిసారీ ఆయన మొహం విచ్చుకుంది. భోజనమయ్యాక కంచం తీసుకుని పెరట్లోకి వెళ్తే ఎవరూ అడ్డం వెళ్లలేదు. అడుగు కూడా తోము అని వంటింట్లోంచి కేక మాత్రం వినిపించింది.

కొత్త కప్పులు వేశాం. సైకిలు చప్పుడు లేకుండా తిరుగుతోంది. వాళ్లిద్దరూ నెలకోసారి వస్తున్నారు. పోయిన నెల వచ్చినప్పుడు, తెలిసి కూడా రెండు రోజులు ఎందుకు ఊరుకున్నారని ఆయన మా ఆవిణ్ని అడిగారు. కొత్త అల్లుడివి కదా, ఎలా చెప్పను అంది. మరి మావయ్యగారికి తెలీదా అన్నారు. నేను పక్కనే పేపరు చదువుతున్నాను. మా ఆవిడ నావైపు చూసి, ఆయన్నే అడుగు అని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన ఇంతవరకూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.